అంగన్‌వాడీ అంటే గుడ్లు పంచే చోటేనా? అపోహలు - వాస్తవాలు

మా సెంటర్ ముందు నుంచి పోయేవాళ్లు ఎక్కువగా అడిగే మాట ఒకటే: "గుడ్లు వచ్చాయా?" పదిహేడేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. "ఈ రోజు పిల్లలు ఏం నేర్చుకున్నారు?" అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ప్రభుత్వం దేనికి డబ్బు ఇస్తుందో, దేనికి లెక్క అడుగుతుందో అదే జనం కళ్లకు కనబడుతుంది. కనబడని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అంగన్‌వాడీ తిండి పెట్టడానికే పుట్టింది.

వాస్తవం: అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. మొదటి నుంచీ దీనికింద ఆరు సేవలున్నాయి. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పడం, మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రీస్కూల్. అంటే చదువు తర్వాత ఎప్పుడో తగిలించింది కాదు.

అపోహ: అక్కడ ఆడిస్తారే తప్ప రాయించరు. ఇక పిల్లలకు ఏం వస్తుంది?

వాస్తవం: ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే దీన్ని నమ్మే, కూలికి పోయే తల్లిదండ్రులు అప్పు చేసి మరీ మూడేళ్ల బిడ్డను ఎల్‌కేజీలో వేస్తున్నారు.

మా దగ్గర ఒక పాప ఉండేది. నాలుగేళ్లు. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేది. "ఐదు చింతగింజలు ఇవ్వమ్మా" అంటే మాత్రం గుప్పెడు తీసి నా చేతిలో పోసేది. అంకెలు పాటలాగా నోటికి వచ్చాయి కానీ ఐదంటే ఎంతో తెలియదు. సీసా మూతలు వరసగా పెట్టి, ఒక్కో మూతలో ఒక్కో గింజ వేయమన్నాను. రోజూ అదే ఆట, పది పన్నెండు రోజులు. ఒకరోజు కావాలనే నాలుగు మూతలు పెట్టి ఐదు గింజలిచ్చాను. నాలుగూ వేసి, మిగిలిన గింజను పట్టుకుని నా ముఖంలోకి చూసింది. "టీచర్, ఒకటి మిగిలింది" అంది. లేచి వెళ్లి, డబ్బాలోంచి ఇంకో మూత వెతికి తెచ్చుకుని అందులో వేసింది. కూడికకూ తీసివేతకూ పునాది అదే. ఆ రోజు పలక మీద ఏమీ రాయలేదు. ఇంటికి వెళ్లి చూపించడానికి ఆ పాప దగ్గర ఏమీ లేదు.

రాయించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూడు నాలుగేళ్ల పిల్లల మణికట్టులో చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల కాపీలో పేజీలకు పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే భయం పుడుతుంది. మట్టి పిసకడం, పూసలు దారానికి గుచ్చడం, కాగితం చింపి అతికించడం ఇవన్నీ వేళ్లకు బలం తెచ్చే పనులు. కథలు కూడా ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెబుతాం. 2020 జాతీయ విద్యావిధానం కూడా మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని చెప్పి, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూడమంది.

ఒక తండ్రి కోపంగా వచ్చాడు. "అక్కా, మావాడి పుస్తకంలో ఒక్క అక్షరం లేదేంటి?" అన్నాడు. "ఒక గంట కూర్చో తమ్ముడూ, చూసి వెళ్లు" అన్నాను. నిజంగానే కూర్చున్నాడు. వాళ్ల అబ్బాయి ఆకులను పెద్దవీ చిన్నవీ విడదీసి, మళ్లీ రంగును బట్టి కలిపి, ఎందుకలా పెట్టాడో పక్కపిల్లకు చెప్పడం చూశాడు. ఆ ఏడాది వాణ్ని మా దగ్గరే ఉంచాడు.

అపోహ: కేంద్రం కోట్లు ఇస్తోంది. టీచర్లకు గవర్నమెంటు జీతాలు.

వాస్తవం: పోషకాహారం ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరి సగం. మిగతా ఖర్చుల్లో మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40. 2017లో ఖరారైన లెక్క ప్రకారం ఒక బిడ్డకు రోజుకు 8 రూపాయలు, తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకు 12, గర్భిణికీ బాలింతకూ 9 రూపాయల 50 పైసలు. బియ్యం సబ్సిడీ ధరకు వస్తాయి కాబట్టి సరే. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్డు ఆ ఎనిమిదిలోనే రావాలంటే ఎలా? ఒక్క గుడ్డుకే దాదాపు అంత అవుతోంది. మన రాష్ట్రాల్లో పిల్లలకు గుడ్డు పెడుతున్నామంటే రాష్ట్రం తన వాటాకు మించి వేసుకోవడం వల్లే.

ఇక మాది జీతం కాదు, గౌరవ వేతనం. 2018లో కేంద్రం పెంచిన తర్వాత కూడా అది ఇచ్చేది నెలకు టీచర్‌కు 4,500, ఆయాకు 2,250. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ దీన్ని టీచర్‌కు 11,500 చేసింది. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మెలో రోడ్డు మీద కూర్చున్నది అది చాలకే. మాకు గ్రాట్యుటీ (పని నుంచి దిగిపోయేటప్పుడు ఇచ్చే డబ్బు) వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పినప్పుడు మా సెక్టార్ మీటింగ్‌లో ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. డబ్బు కోసం కాదు. తను ఇన్నేళ్లు చేసింది పనేనని ఒకరు చెప్పారని.

అపోహ: తెల్ల కార్డు ఉన్నవాళ్లకే, ఊళ్లో ఓటున్నవాళ్లకే ఇస్తారు.

వాస్తవం: కార్డుతో సంబంధం లేదు. ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు ఎవరైనా రావచ్చు. బిడ్డకు ఆధార్ లేకపోతే తల్లి ఆధార్‌తో పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కిస్తాం. ఇటుక బట్టీలకు, మిరపకోతలకు వలస వచ్చినవాళ్లు తమ ఊళ్లో ఉన్న పేరును ఇక్కడికి మార్పించుకోవచ్చు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి సెంటర్ లేని చోట అడిగిన మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌లోనే ఆదేశించింది. అడగొచ్చని తెలియకనే చాలామంది అడగరు.

అపోహ: తిండిలాగే ఈ వయసు చదువూ పిల్లల హక్కే కదా.

వాస్తవం: కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా బిడ్డకు అంగన్‌వాడీలో ఉచిత ఆహారం హక్కు. రోజుకు ఎన్ని కేలరీలు, ఎన్ని గ్రాముల ప్రొటీన్ పెట్టాలో కూడా చట్టంలోనే రాసి ఉంది. చదువు హక్కు మాత్రం ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది. ఆరేళ్లలోపు చదువు గురించి రాజ్యాంగం 45వ అధికరణంలో ప్రభుత్వం ప్రయత్నించాలని ఉంది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లో ఏర్పాట్లు చేయవచ్చని ఉంది. "చేయాలి" అని ఎక్కడా లేదు. అందుకే గుడ్డు తగ్గితే నన్ను అడుగుతారు, కథ చెప్పకపోతే అడగరు. బరువు, ఎత్తు, రేషన్ గ్రాములతో సహా ఫోన్‌లో పైకి వెళ్తాయి. పిల్లల హాజరు వెళ్తుంది. ఆ పాప ఐదో మూత వెతికి తెచ్చుకున్న సంగతి ఎక్కడా ఎక్కదు. అప్‌లోడ్ అవ్వని రోజు ఆ టెన్షన్‌తోనే ప్రీస్కూల్ టైమ్ అయిపోతుంది.

గుడ్ల కోసం వచ్చినప్పుడు చెప్పులు విప్పి ఒక్క పది నిమిషాలు లోపల కూర్చోండి. ఈ రోజు ఏం కథ చెప్పారని అడగండి. చిన్నపిల్లల చదువు గురించి నెలకోసారి పెట్టే ఈసీసీఈ డేకి పని మానుకునైనా రండి. ప్రీస్కూల్ కిట్ వచ్చిందా, ఏమేం వచ్చాయని గ్రామసభలో కాగితం మీద రాసి అడగండి. మా కిట్‌లో బొమ్మల ముక్కలు సగం ఎప్పుడో పోయాయి. చింతగింజలకు మాత్రం కొదవ లేదు. చింతపండు కొట్టే రోజుల్లో ఆ పాప వాళ్ల నాయనమ్మ కడిగి ఆరబెట్టి సంచిడు తెచ్చి ఇస్తుంది.