మినికాయ్ దీవి, మలికు మాట: అపోహలు - వాస్తవాలు

భాషాశాస్త్రం బోధించడం, దక్షిణాసియాలోని చిన్న భాషల మాటలు సేకరించడం నా వృత్తి. లక్షద్వీప్‌లో అన్నిటికన్నా దక్షిణాన ఉన్న మినికాయ్ ప్రస్తావన తెస్తే చాలు, తరగతిలోనూ బయటా అవే పొరపాటు మాటలు ఎదురవుతాయి. అక్కడివారు తమ దీవిని మలికు అంటారు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవి జనాభా 10,447. ఇంత కొద్దిమంది గురించి ఇన్ని అపోహలు ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: లక్షద్వీప్ అంతటా మలయాళమే మాట్లాడతారు.

మిగతా దీవుల్లో మాట్లాడే జెసెరి మలయాళానికి దగ్గరిదే. మినికాయ్‌లో మాత్రం మాల్దీవుల వారి దివెహి మాట్లాడతారు. పటం చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. లక్షద్వీప్‌లో దగ్గరి పొరుగైన కల్పేని 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. మాల్దీవుల ఉత్తరపు అంచు 130 కిలోమీటర్లే.

అపోహ: వాళ్లది అరబ్బీ. కుడి నుంచి ఎడమకు రాస్తారు కదా!

ఇది అందరికన్నా చదువుకున్నవారి నోట ఎక్కువగా విన్నాను. దివెహి ఇండో-ఆర్య భాష, సింహళానికి తోబుట్టువు. 'దివెహి' అన్న పేరులోనే ద్వీపం ఉంది. మన దివిసీమలోని 'దివి' కూడా ఆ ద్వీపమే. మత్స్యం వాళ్ల నోట 'మస్' అయింది, భాష 'బస్' అయింది. పాత ప-కారం ఫ-కారంగా మారింది కాబట్టి నీళ్లు 'ఫెన్' (పానీయం), ఐదు 'ఫస్' (పంచ). పడవను 'దోని' అంటే మన దోనె గుర్తుకు రాకుండా ఉంటుందా?

లిపి సంగతి ఇంకా ముచ్చటైనది. దాని పేరు తాన. కొచ్చిలో ఒక మినికాయ్ పెద్దాయన, ఓడల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, నాకు అక్షరాభ్యాసం చేయించారు. ముందు కాగితం మీద అరబ్బీ అంకెలు ఒకటి నుంచి తొమ్మిది వరకు వరుసగా వేశారు. తర్వాత ఒక్కొక్క అంకె కింద దాని నుంచి పుట్టిన అక్షరం రాశారు: ఒకటి నుంచి 'హ', మూడు నుంచి 'న', నాలుగు నుంచి 'ర', ఐదు నుంచి 'బ'. తొలి తొమ్మిది హల్లులూ అలా వచ్చినవే. తర్వాతి తొమ్మిదీ ఆ దీవుల పాత అంకెల నుంచి వచ్చాయి. అంకెలను అక్షరాలు చేసుకున్న జాతులు ఎన్ని ఉంటాయి? అరబ్బీలో అచ్చుల గుర్తులు సాధారణంగా రాయరు. తానలో దాదాపు ప్రతి హల్లుకూ అచ్చు గుర్తో, అచ్చు లేదని చెప్పే గుర్తో పెట్టి తీరాలి. గుణింతం నేర్చిన తెలుగువారి చేతికి ఇది త్వరగానే పట్టుబడుతుంది.

అపోహ: మినికాయ్ వారు మాట్లాడే మహల్, మాల్దీవుల దివెహి రెండు వేర్వేరు భాషలు.

మహల్ అన్నది మన ప్రభుత్వ పత్రాల్లో స్థిరపడిన పేరు. మినికాయ్ పలుకుబడిలో తేడాలున్నాయి, మలయాళపు మాటలూ కలిశాయి. అయినా అది దివెహిలో ఒక మాండలికమే. పేరు మారినంత మాత్రాన భాష మారదు.

అపోహ: సంస్కృతి మాల్దీవులది కాబట్టి న్యాయంగా ఆ దీవి మాల్దీవులకే చెందాలి.

భాష ఒకటైతే దేశం ఒకటి కావాలన్న నియమం ఎక్కడా లేదు. మినికాయ్ శతాబ్దాల పాటు కన్ననూరు అరక్కల్ రాజవంశం కింద ఉంది. ఆ తర్వాత బ్రిటిష్ పాలనలో మద్రాసు రాష్ట్రపు మలబారు జిల్లాలో చేరింది. అంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ, మినికాయ్ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. 1956లో ఈ దీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. మాల్దీవులు 1965 వరకు బ్రిటిష్ రక్షణలో ఉన్న సుల్తానుల రాజ్యం. రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు 1976 ఒప్పందంతో తేలిపోయింది.

పైగా మినికాయ్ మాల్దీవులకు నకలు కాదు. అక్కడ 11 ఊళ్లున్నాయి. ప్రతి ఊరికీ ఒక పురుష పెద్ద, ఒక స్త్రీ పెద్ద ఉంటారు: బొడుకాక, బొడుతాత. మన చెవికి తాతలా వినిపించినా బొడుతాత స్త్రీయే. 'బొడు' అంటే పెద్ద. ఊరి పనులు ఈ ఇద్దరి చేతుల మీదుగా నడుస్తాయి.

అపోహ: మాల్దీవుల్లో లక్షలమంది మాట్లాడుతున్నారు కాబట్టి మినికాయ్‌లో భాష పోయినా నష్టం లేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే మాట ఇదే. హైదరాబాదులో తెలుగు ఉంది కాబట్టి యానాం తెలుగు పోయినా ఫరవాలేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? మినికాయ్ వారు గాలంతో చూర (ట్యూనా) చేపలు పట్టడంలో దిట్టలు. పడవలో సజీవంగా ఉంచిన చిన్న చేపలను ఎరగా చల్లి, నీళ్లు చిమ్ముతూ చూరల మందను పడవ దగ్గరకు రప్పిస్తారు. ముల్లు లేని కొక్కెంతో ఒక్కొక్కటే పైకి లాగుతారు. చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్ అనే ఎండు చేప చేస్తారు. ఈ వేట మినికాయ్ నుంచే మిగతా లక్షద్వీప్‌కు వ్యాపించింది. ఎర చేపల పేర్లు, గాలుల పేర్లు, పడవ భాగాల పేర్లు ఆ దీవి పలుకుబడిలోనే ఉన్నాయి. మాల్దీవుల రాజధాని మాలె నగరపు నిఘంటువు తెరిస్తే అవి అలాగే దొరుకుతాయన్న భరోసా లేదు. ఇక్కడ పిల్లల బడి చదువు చాలాకాలంగా మలయాళంలో, ఇంగ్లీషులో సాగింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఈ భాష లేదు.

మినికాయ్ పురుషులు తరతరాలుగా వాణిజ్య నౌకల్లో పనిచేస్తున్నారు. విశాఖలోనో కాకినాడలోనో ఓడల మీద పనిచేసే తెలుగువారు ఇది చదువుతుంటే ఒక విన్నపం. మీ తోటి నావికుల్లో మలికు మనిషి ఉంటే, తీరిక వేళ ఆయనను పడవలో ఒక్కొక్క భాగాన్నీ ఇంట్లో ఏమంటారో అడగండి. తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. ఆ కాగితం ఫొటో తీసి, ఎవరు, ఏ ఊరివారు, ఏ రోజు చెప్పారో కింద రాయండి.