అవ్వ దాచుకున్న మాట

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నది. కళాశాలలో రోగిగా నటించే మనిషిని మంచం మీద పడుకోబెట్టి, ఆమెతో విద్యార్థినులను మాట్లాడించి మార్కులు వేస్తున్నారట. "జాలి గుండెలో ఉండాలి గాని, నాటకమాడితే వస్తుందా?" అన్నది ఆ తల్లి సందేహం.

జాలి రాదు. అక్కడ నేర్పుతున్నది జాలి కాదు, సహానుభూతి. ఎదుటివారి బాధను వారి వైపు నుంచి అర్థం చేసుకోవడం అందులో సగమైతే, అర్థమైందని వారికి తెలియజేయడం మిగతా సగం. సహానుభూతిని కొలవడానికి ఆరోగ్యరంగంలో విరివిగా వాడే జెఫర్సన్ కొలమానం, 20 వాక్యాలకు ఒక్కొక్కదానికి 1 నుంచి 7 వరకు అంకెలు వేయించుకునేది, జాలికీ సహానుభూతికీ ఉన్న ఈ తేడా మీదే నిలబడి ఉంది. తెలియజేయడమన్నది నైపుణ్యం గనుక దానికి సాధన పనికివస్తుంది.

బొమ్మలతో సాధన పాతదే. 1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ బడికి 'మిసెస్ ఛేజ్' అనే నిలువెత్తు బొమ్మ వచ్చింది. అయితే బొమ్మ అలగదు, అబద్ధమాడదు. మనిషినే రోగిగా తర్ఫీదు చేయవచ్చునని 1963లో చూపినవాడు హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన పాఠ్యక్రమం కూడా ఇటువంటి అనుకరణ శిక్షణకు చోటిచ్చింది.

ఈ పద్ధతిలో నన్ను కట్టిపడేసేది ఒకటుంది. నటించే మనిషికి ఇచ్చే పాఠంలో రోగి చెప్పే మాటలతో పాటు, అడగవలసిన తీరులో అడిగితే తప్ప చెప్పకూడని మాట ఒకటి రాసి ఉంటుంది. ఉదాహరణకు ఒక సన్నివేశం అల్లుకుందాం. పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన అరవై ఏళ్ల అవ్వకు చక్కెర బీమారి, అరికాలిలో పుండు. ఇన్సులిన్ రాసిచ్చినా ఆమె వేసుకోవడం లేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. విద్యార్థిని పలకరించగానే, "నాకేమైతది బిడ్డా, అయ్యేదేదో అయితది" అని మాత్రం అంటుంది.

ఆ ఒక్క వాక్యం తలుపు సందు వంటిది. రోగికీ వైద్య సిబ్బందికీ మధ్య నడిచే మాటలను విశ్లేషించడానికి 2011లో ప్రచురితమైన వెరోనా సంకేతావళి ఇటువంటి మాటలను రెండుగా విడదీస్తుంది: బాధను పేరు పెట్టి చెబితే 'ఆందోళన', చాటుగా తాకి వదిలేస్తే 'సూచన'. వినేవారి స్పందనను కూడా అది రెండు గీటురాళ్ల మీద చూస్తుంది. స్పందన ఆ సూచనను నేరుగా ప్రస్తావించిందా లేదా, చెప్పేవారికి చోటిచ్చిందా చోటు తగ్గించిందా అన్నవి ఆ రెండూ. "అట్లనకు అవ్వా, నీకేం కాదు" అన్న మొదటి విద్యార్థిని మంచి మనసుతోనే చోటు తగ్గించింది. "సూది టైముకు వేసుకుంటున్నవా?" అన్న రెండో ఆమెకు "ఆఁ" అనే జవాబు దొరికింది, అది అబద్ధం. మూడో ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకొని కూర్చుని, "అయ్యేదేదో అంటున్నవు, ఏమైతదనుకుంటున్నవు అవ్వా?" అని అడిగి ఊరుకుంది. ఈ సంకేతావళిలో మౌనం కూడా చోటిచ్చే స్పందనగానే లెక్కకు వస్తుంది.

మన ఇళ్లలో కథ చెప్పే నాయనమ్మకు ఈ సంగతి ముందే తెలుసు. పిల్లవాడు ఊ కొట్టడం ఆపితే ఆమె కథ ఆపుతుంది, మరీ తొందరగా ఊ కొడితే వాడు వినడం లేదని పసిగడుతుంది. ఊ ఎక్కడ పడాలి, ఎంత ఆగి పడాలి అన్నది అసలు వార్డులో నేర్పడం కష్టం. అక్కడి అవ్వ అదే మాటను ముప్పై మంది విద్యార్థినులకు ముప్పై సార్లు అనదు. నటించే అవ్వ అంటుంది, తర్వాత పాత్ర నుంచి బయటికి వచ్చి, "నువ్వు గడియారం చూసినవు, అందుకే చెప్పబుద్ధి కాలేదు" అని కూడా చెబుతుంది. నిజమైన రోగి ఆ మాట చెప్పడం అరుదు. అందుకే సన్నివేశం తర్వాత జరిగే చర్చకు సన్నివేశానికి పట్టినంత సమయమైనా కేటాయించాలి. అది ఎగరగొడితే మిగిలేది నాటకమే.

అవ్వ ముంజేతికి తాయత్తు ఉందనుకోండి. తాయత్తుల మీద నాకు రవ్వంత నమ్మకం లేదు, కానీ సెలైన్ సూది పట్టుకొని ఉన్న విద్యార్థిని దాన్ని చూసి నవ్వితే, అవ్వ దాచుకున్న మాట ఇక బయటికి రాదు.

ప్రతి అనుకరణా మేలు చేయదు. మనోవ్యాధిగ్రస్తులకు వినిపించే లేని గొంతుల వంటివాటిని ఇతరుల చెవికి పెట్టి వినిపించే అభ్యాసాల తర్వాత కొన్ని అధ్యయనాలలో సహానుభూతితో పాటు, ఆ రోగులకు దూరంగా ఉండాలనే కోరిక కూడా పెరిగింది. బాధను రుచి చూపించి వదిలేస్తే మిగిలేది భయం.

మూడో విద్యార్థిని మౌనం దగ్గరికి మళ్లీ వద్దాం. కొంతసేపటికి అవ్వ నోరు విప్పింది: "మా ఆయనకు గిట్లనే సూది మొదలువెట్టిండ్రు. ఆర్నెల్లు కాకముందే కాలు తీసేసిండ్రు బిడ్డా." రోగం ముదిరి చక్కెర అదుపు తప్పాకే చాలామందికి ఇన్సులిన్ మొదలవుతుంది గనుక, సూదీ కాలు తీయడమూ ఒకే రోగం వెంట వచ్చినవి, ఒకదాని వల్ల మరొకటి వచ్చినవి కావు. ఆ పాఠం విద్యార్థినికి కంఠతా వచ్చు. ఆమె దాన్ని అప్పజెప్పలేదు, "అప్పటికే ఆయన కాలెట్లుండె అవ్వా?" అని అడిగింది.

"నల్లవడ్డది బిడ్డా. నల్లవడ్డంకనే దవాఖానకు తోల్కపోయినం."