ఆట మాన్పిస్తే మార్కులు పెరుగుతాయా?

పిల్లలు పదో తరగతిలోకి రాగానే మన నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ముందుగా ఆగిపోయేది ఆట. సాయంత్రం షటిల్ ఉండదు, ఆదివారం క్రికెట్ ఉండదు, బడిలో ఆటల పీరియడ్‌కి లెక్కల సారు వస్తారు. ‘ఈ ఒక్క ఏడాది కష్టపడితే చాలు, ఆటలు తర్వాతైనా ఆడుకోవచ్చు’ అంటాం. ఇంటర్‌లో మళ్లీ అదే మాట.

ఫోన్ మాత్రం ఆగదు. నోట్సు వాట్సాప్ గ్రూపులో వస్తాయి, అర్థంకాని పాఠానికి యూట్యూబ్ ఉండనే ఉంది. చదువు పేరు చెప్పుకుని ఫోన్ ఇంట్లో నిలదొక్కుకుంది. ఆటకు అలా చెప్పుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వేటు దానిమీదే పడుతోంది. పరిశోధనలు చదివినకొద్దీ ఈ లెక్క తలకిందులుగా ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

చదువు కోసం ఇచ్చిన ఫోన్ చదువుకు ఎంత వాడుతున్నారు? గ్రామీణ భారతంలో పిల్లల చదువు తీరును ఇంటింటికీ వెళ్లి పరిశీలించే ‘అసర్’ సర్వే 2024లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఇదే అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారిలో, అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడామన్నవారు 57 శాతం. సోషల్ మీడియా చూశామన్నవారు 76 శాతం.

ఇక ఆట సంగతి. పరుగెత్తేటప్పుడు గుండె వేగం పెరిగి, మెదడుకు రక్తం బాగా అందుతుంది. నాడీకణాల ఎదుగుదలకు, వాటి మధ్య సంబంధాలు బలపడటానికి తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ వ్యాయామంతో పెరుగుతుంది. కొత్త విషయాలు గుర్తుంచుకోవడంలో ముఖ్యపాత్ర మెదడులోని హిప్పోకాంపస్ అనే చిన్న భాగానిది. 9, 10 ఏళ్ల పిల్లల మెదళ్లను స్కాన్ చేసి చూసిన అమెరికా పరిశోధకులు, త్వరగా అలసిపోకుండా పరుగెత్తే దమ్ము ఎక్కువున్న పిల్లల్లో ఈ భాగం కాస్త పెద్దదిగా ఉందని, జ్ఞాపకశక్తి పరీక్షలోనూ వాళ్లు మెరుగ్గా చేశారని 2010లో ప్రకటించారు.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హిల్‌మన్ బృందం 2009లో చేసిన ప్రయోగం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. దాదాపు తొమ్మిదేళ్ల పిల్లలు 20 మంది. ఒక రోజు వాళ్లను ఊరికే కూర్చోబెట్టి పరీక్షించారు. ఇంకో రోజు ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు చురుగ్గా నడిపించి, గుండె వేగం మామూలుకు వచ్చాక పరీక్షించారు. తెరమీద వరసగా బాణం గుర్తులు వస్తాయి, మధ్యలో ఉన్నది ఎటు చూస్తోందో చెప్పాలి. చుట్టూ ఉన్నవి తప్పుదారి పట్టిస్తుంటాయి. నడిచిన రోజు పిల్లలు తప్పులు తక్కువ చేశారు, చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ మెరుగయ్యారు. చుట్టూ ఉన్నవాటిని పక్కనపెట్టి అడిగినదాని మీద మనసు నిలపడం, పరీక్ష హాల్లో పిల్లలకు కావలసింది అదే కదా. పిల్లలు ఇరవై మందే కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు. ఆ బృందమే తర్వాత 221 మంది పిల్లలతో తొమ్మిది నెలలు, బడి అయ్యాక రోజూ ఆటలు ఆడించి చూసింది. 2014లో వచ్చిన ఫలితం కూడా అటే మొగ్గింది. ఆటలకు ఎక్కువ రోజులు వచ్చిన పిల్లలకు లాభం ఎక్కువ కనిపించింది.

‘ఏకాగ్రత సరే, ఆటకు పోయే గంట చదువులోంచేగా పోతుంది?’ ఇది తల్లిదండ్రుల అసలు భయం. న్యాయమైన భయమే. దీనికి జవాబు 1970లలో కెనడాలోని క్వెబెక్‌లో దొరికింది. ట్రువా రివియేర్ అనే ఊళ్లో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజూ గంటసేపు వ్యాయామం పెట్టి, అందుకోసం పాఠాల సమయాన్ని దాదాపు 14 శాతం తగ్గించారు. చదువు దెబ్బతినలేదు. మొదటి ఏడాది దాటాక ఆ పిల్లలే కాస్త ముందున్నారు. అలాగని ఆటలు పెడితే ప్రతిచోటా మార్కులు పెరుగుతాయని చెప్పలేం. అమెరికాలోని కాన్సస్‌లో మూడేళ్లు పాఠాలతో పాటే కదలికలు చేయించిన పెద్ద ప్రయోగంలో మార్కులు పెరగలేదు. కానీ తగ్గలేదు కూడా. ఆట మార్కులను తినేస్తుందన్న భయానికి ఆధారం నాకెక్కడా కనబడలేదు.

ఫోన్ విషయంలో కూడా న్యాయంగానే మాట్లాడాలి. స్క్రీన్ ముందు గడిపిన మొత్తం గంటలకూ మార్కులకూ స్పష్టమైన సంబంధం లేదని 58 అధ్యయనాలను పరిశీలించిన 2019 నాటి విశ్లేషణ తేల్చింది. టీవీ, వీడియో గేములు ఎక్కువైనచోట మాత్రం మార్కులు తక్కువగా కనిపించాయి. అక్కడా ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్న ఉంటుంది. చదువులో వెనకబడిన పిల్లవాడే టెన్షన్ మరిచిపోవడానికి ఫోన్‌లోకి వెళ్తుండవచ్చు.

కాబట్టి ఎన్ని గంటలు చూశాడన్నదానికంటే, ఆ గంటలు ఎక్కడినుంచి వచ్చాయన్నదే నాకు ముఖ్యం. చీకటి పడితే క్రికెట్ ఆగుతుంది. రీల్స్‌కు చివర ఉండదు, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చేస్తుంది, అవి చేసిందే అలా. ట్యూషన్ ముగించుకుని రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరిన పిల్లకు మిగిలేది నిద్ర సమయం ఒక్కటే. ఫోన్ దాంట్లోంచే తీసుకుంటుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం చెబుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. పన్నెండు దాకా ఫోన్ చూసి, పొద్దున్నే స్టడీ అవర్‌కి పరుగెత్తే పిల్ల నిన్నటి పాఠాన్ని కూడా కొంత పోగొట్టుకుంటోంది. ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. ఖాతా తీసేయడం ఒక ఎత్తు, ఖాళీ అయిన గంటను దేనితో నింపుతామన్నది మరో ఎత్తు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంతగా ఊపిరి ఆడుతుండాలి. మన జిల్లాల్లో ఇది తేలిక కాదు. మార్చి నుంచే మధ్యాహ్నాలు మండిపోతాయి. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మైదానాలు బురదే. అపార్ట్‌మెంట్లలాంటి భవనాల్లో నడిచే స్కూళ్లకు గ్రౌండ్ అసలే ఉండదు. నెల్లూరు పిల్లలకు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమో, వీఆర్ కాలేజీ గ్రౌండో అందుబాటులో ఉంటే అదృష్టమే. లేనివాళ్లకు ఎండ ఎక్కకముందో, చల్లబడ్డాకో మేడ మీద తాడాట, వీధిలో షటిల్, ట్యూషన్‌కి బండి మీద దింపే బదులు సైకిల్. గంటంతా ఒక్కసారే కుదరాలని లేదు, పదిహేను నిమిషాల చొప్పున కలిపినా లెక్కే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆడపిల్లల సంగతి. 146 దేశాల లెక్కలు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం చాలినంత కదలడం లేదు. మన దగ్గర ఈ తేడా కళ్లముందే కనబడుతుంది. ఆరో తరగతి దాకా ఖోఖోలో ఎగిరిన పిల్ల పెద్దమనిషయ్యాక గ్రౌండ్ గోడ పక్కన నిలబడి చూస్తుంటుంది. వేసుకోవడానికి ట్రాక్ ప్యాంటు లేదని, వాడదగ్గ బాత్రూం లేదని, ఎవరేమంటారోనని. ఆ వయసులోనే ఆమె చేతికి ఫోన్ వస్తుంది, ఇంట్లో కూర్చుని చూసుకుంటుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. తొమ్మిది, పది తరగతుల టైమ్‌టేబుల్‌లో ఆటల పీరియడ్ ఏ రోజు ఉంది? ఆ పీరియడ్‌లో ఎంతమంది ఆడపిల్లలు నిజంగా ఆడుతున్నారు? పీఈటీ సారుకో మేడమ్‌కో అది సాయం కూడా అవుతుంది. తమ పీరియడ్ తమకు వదలమని స్టాఫ్‌రూంలో వాళ్లొక్కరే అడగలేకపోతున్నారు.