పిల్లులు: భయంతో నమ్మేవి, ప్రేమతో నమ్మేవి (అపోహలు - వాస్తవాలు)

నేను పశువైద్యం చేస్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లుల్లో చాలావాటి జబ్బు వెనక ఏదో ఒక నమ్మకం ఉంటుంది. ఈ నమ్మకాలు రెండు రకాలు. ఎదురొస్తే కీడు, మంత్రగత్తెల తోడు, పసిపిల్లల ఊపిరి పీల్చేస్తుంది లాంటివి భయంతో నమ్మేవి. పాలు పోస్తే చాలు, దానికి తొమ్మిది ప్రాణాలు, గుర్రుగుర్రుమంటే హాయిగా ఉన్నట్టే లాంటివి ప్రేమతో నమ్మేవి. మొదటి రకాన్ని అందరూ ఎగతాళి చేస్తారు. క్లినిక్‌లో నా టేబుల్ మీద పిల్లి ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రం ఎక్కువగా రెండో రకమే.

అయినా భయం కథలతోనే మొదలుపెడతాను. ఎందుకంటే జనం ముందుగా అడిగేది వాటి గురించే.

అపోహ: నల్లపిల్లి ఎదురొస్తే పని చెడుతుంది

వాస్తవం: ఒక జన్యువులో వచ్చిన మార్పు వల్ల వెంట్రుక మొత్తం నల్లగా పెరుగుతుంది, అంతే. ఇదే నల్లపిల్లి బ్రిటన్‌లో చాలామందికి శుభశకునం. జపాన్ నావికులకైతే మూడు రంగుల మగపిల్లి ఓడలో ఉండటం అదృష్టం. 1956లో బయల్దేరిన ఆ దేశపు మొదటి అంటార్కిటికా పరిశోధన బృందం తకేషి అనే అలాంటి పిల్లిని వెంటబెట్టుకెళ్ళింది. మూడు రంగులు రావాలంటే మామూలుగా రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండాలి, మగపిల్లికి సాధారణంగా ఒకటే ఉంటుంది, కాబట్టి అలాంటి మగపిల్లి వేలల్లో ఒకటి పుడుతుంది. దొరకని దాన్ని అదృష్టం అనుకోవడం మనిషికి అలవాటే కదా.

మంత్రగత్తె పక్కన నల్లపిల్లి ఉండాలన్న లెక్క కూడా మొదట్లో అంత గట్టిగా లేదు. ఇంగ్లండ్‌లోని చెమ్స్‌ఫర్డ్‌లో 1566లో మంత్రవిద్య నేరం మీద ఒక విచారణ జరిగింది. ఎలిజబెత్ ఫ్రాన్సిస్ అనే ఆమె దగ్గర పెరిగి, తర్వాత ఆగ్నెస్ వాటర్‌హౌస్ అనే ముసలామె చేతికి వచ్చిన పిల్లి అందులో పెద్ద సాక్ష్యం. దాని పేరు సాతాను. అప్పట్లో ఆ విచారణ గురించి అచ్చేసిన చిన్న పుస్తకంలో దాన్ని నల్లపిల్లి అనలేదు, తెల్లటి మచ్చలపిల్లి అన్నారు. ఆగ్నెస్ దాన్ని ఒక కుండలో ఉన్ని పరిచి ఉంచిందట. తర్వాత ఆ ఉన్ని తనకే అవసరమై, పిల్లిని కప్పగా మార్చేసిందట. ఈ కథలో నాకు మంత్రం కన్నా గుప్పెడు ఉన్నికి కూడా వెతుక్కోవాల్సి వచ్చిన పేదరికమే ఎక్కువ కనిపిస్తుంది. ఆమెను ఉరితీశారు.

అపోహ: పోప్ పిల్లుల్ని చంపించినందువల్లే యూరప్‌ను ప్లేగు ఊడ్చేసింది

వాస్తవం: ఇది పిల్లుల్ని ఇష్టపడేవాళ్ళ మధ్య పుట్టిన అపోహ. వినడానికి బాగుంటుంది, పాపానికి తగిన శాస్తి జరిగినట్టు ఉంటుంది. తొమ్మిదో గ్రెగరీ పోప్ 1233లో రాసిన ఉత్తరంలో ఒక నల్లపిల్లి ప్రస్తావన ఉన్నమాట నిజం. కానీ అది జర్మనీలో మతద్రోహులుగా అనుమానించిన వాళ్ళు రహస్యంగా చేసేవంటూ చెప్పిన తంతుల వర్ణన. పిల్లుల్ని చంపమన్న ఆజ్ఞ అందులో లేదు. ప్లేగు యూరప్‌లో అడుగుపెట్టింది 1347లో, అంటే వందేళ్ళు దాటాక. పిల్లి ఒక ఈడు దాటిందంటే ఏడాదిలో రెండుమూడు ఈతలు ఈనే జంతువు, వందేళ్ళపాటు తగ్గిపోయి ఉండదు. పైగా పిల్లికి కూడా ప్లేగు సోకుతుంది, దాని నుంచి మనిషికి వస్తుంది. ఇంటినిండా పిల్లులున్నా ఆ మహమ్మారి ఆగేది కాదు.

క్రూరత్వం జరగలేదని కాదు. బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో గంటగోపురం మీంచి బతికున్న పిల్లుల్ని విసిరేసేవారు. అది 1817 దాకా సాగింది. ఇప్పుడు ఆ ఉత్సవంలో బట్టతో కుట్టిన బొమ్మపిల్లుల్ని విసురుతున్నారు.

మరి పూజించిన చోట పిల్లి సుఖపడిందా అంటే అదీ సందేహమే. ప్రాచీన ఈజిప్టులో బాస్టెట్ దేవత పిల్లి రూపం. ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమ్మలు గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. అదే దేశంలో తర్వాతి కాలంలో దేవతకు మొక్కుగా సమర్పించడానికి పిల్లుల్ని గుంపులుగా పెంచి, చిన్న వయసులోనే చంపి మమ్మీలు చేశారు. ఎక్స్‌రేలు తీస్తే కొన్నింటికి మెడ విరిగి ఉంది. 1890లో అలాంటి మమ్మీలు సుమారు 19 టన్నులు లివర్‌పూల్ రేవుకు చేరాయి, పొలాలకు ఎరువుగా.

భక్తి వేరు, బాగోగులు చూడటం వేరు. ఇక్కడి నుంచి ఇంట్లో జరిగే విషయాలకు వస్తాను.

అపోహ: పిల్లికి పాలే ఆహారం

వాస్తవం: తల్లిపాలు మానేశాక పిల్లి పేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైమ్ తగ్గిపోతుంది. పాలలోని చక్కెర అరగక చాలావాటికి విరేచనాలవుతాయి. కళ్ళు మూసుకుని తాగుతుంది కదా అంటారు. తాగుతుంది, అందులోని కొవ్వు వాసనకి. తీపికి మాత్రం కాదు. తీపిని గుర్తించే రుచిగ్రాహకం తయారుచేసే జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో తేలింది. మీ ఐస్‌క్రీమ్ వెంట పడేది కూడా కొవ్వు కోసమే.

పిల్లి తప్పనిసరిగా మాంసాహారి. మనం కావాలనుకుంటే మార్చగలిగిన అలవాటు కాదు ఇది. టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం సరిపడా తయారుచేసుకోలేదు, అది మాంసంలోనే దొరుకుతుంది. టారిన్ తక్కువైతే కంటిచూపు పోతుంది, గుండె కండరం సాగి నీరసించిపోతుంది. ఈ గుండెజబ్బుకీ టారిన్‌కీ ఉన్న సంబంధం 1987లో బయటపడింది. దాంతో తయారీదారులు పిల్లి ఆహారంలో టారిన్ మోతాదు పెంచారు, ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. క్యారెట్ పెట్టి విటమిన్ ఏ ఇచ్చామనుకోవడం కూడా కుదరదు, క్యారెట్‌లో ఉన్నదాన్ని పిల్లి విటమిన్ ఏగా మార్చుకోలేదు. కుక్కల ఆహారం కూడా రోజూ పెట్టేందుకు పనికిరాదు.

అపోహ: పిల్లికి తొమ్మిది ప్రాణాలు, ఎక్కణ్ణుంచి పడినా కాళ్ళ మీదే నిలబడుతుంది

వాస్తవం: గాల్లోనే ఒళ్ళు తిప్పుకుని కాళ్ళు కిందికి తెచ్చుకునే నేర్పు నిజంగానే ఉంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మారే 1894లో వరుస ఫొటోలు తీసి చూపించాడు. కాళ్ళ మీద పడటం వేరు, దెబ్బ తగలకపోవడం వేరు.

న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాల మీంచి పడ్డ 132 పిల్లుల వివరాలతో 1987లో ఒక అధ్యయనం వచ్చింది. వాటిలో దాదాపు 90 శాతం బతికాయి. ఈ అంకెను జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అవి ఆసుపత్రికి తెచ్చిన పిల్లులు. కిందపడి అక్కడికక్కడే చచ్చిపోయిన దాన్ని డాక్టర్ దగ్గరికి ఎవరు తెస్తారు? బతికినవాటికి కూడా దవడ చీలడం, అంగిలి పగలడం, ఛాతీలో గాలి చేరి ఊపిరాడకపోవడం మామూలే. బాల్కనీకి, కిటికీకి గట్టి మెష్ వేయించండి. దోమతెర చాలదు, గోళ్ళతో చీల్చుకుని పడుతుంది.

మొండిప్రాణం అనే మాటే ఇంకో ప్రమాదం తెస్తుంది. పిల్లి రెండు రోజులు తినకపోతే, 'అలిగింది, ఆకలేస్తే అదే తింటుంది' అంటారు. పస్తున్న పిల్లి, అందులోనూ లావుపాటిది, ఒంట్లో కొవ్వంతా కాలేయానికి పంపుతుంది. కాలేయం అంత కొవ్వును తట్టుకోలేక చెవుల లోపలి చర్మం, చిగుళ్ళు పచ్చబడతాయి. ఒక రోజంతా ముద్ద ముట్టలేదంటే డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే.

అపోహ: గుర్రుగుర్రుమంటోంది కాబట్టి బాగానే ఉంది

వాస్తవం: ఒళ్ళో పడుకుని గుర్రుగుర్రుమనేది సంతోషమే కావచ్చు. కాలు విరిగిన పిల్లి కూడా అలాగే అంటుంది. ఈనేటప్పుడు అంటుంది, చివరి గంటల్లోనూ అంటుంది. స్టెతస్కోప్ పెడితే గుండె చప్పుడు వినిపించనంత గట్టిగా అనే జబ్బుపిల్లులు ఉంటాయి.

నొప్పి తెలుసుకోవాలంటే ముఖం చూడండి. చెవులు పక్కలకు వాలి ఒకదానికొకటి దూరమవుతాయి, కళ్ళు సగం మూసుకుంటాయి, మూతి బిగుసుకుంటుంది, మీసాలు నిటారుగా ముందుకు వస్తాయి, తల భుజాల కన్నా కిందికి దిగుతుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఈ ఐదింటితోనే నొప్పిని కొలిచే పద్ధతి తెచ్చారు. ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. మంచం కింద దాక్కోవడం, ఒళ్ళు నాక్కోవడం మానేయడం కూడా నొప్పి గుర్తులే.

అపోహ: మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో (మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే పెట్టెలో) ముక్కుతోంది, మలబద్ధకమే

వాస్తవం: ఈ ఒక్కటి చదివి మిగతావి మర్చిపోయినా నాకు బాధలేదు.

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. చిన్న స్ఫటికాలు, జిగట పదార్థం చేరినా మూసుకుపోతుంది. అప్పుడు అది లిట్టర్ బాక్స్‌లోకి వెళ్తుంది, తవ్వుతుంది, నడుం వంచి కూర్చుంటుంది, ఏమీ రాదు. బయటికొచ్చి ఐదు నిమిషాలకే మళ్ళీ వెళ్తుంది. మధ్యలో వెనక భాగాన్ని అదేపనిగా నాక్కుంటుంది. ఇసుకలో తడి ముద్దలు కనబడవు, లేదా రెండు చుక్కల రక్తం కనబడుతుంది. కొన్ని పిల్లులు బాక్స్ మానేసి సింకులోనో గచ్చు మీదో కూర్చుని అరుస్తాయి. ఇంట్లోవాళ్ళకి ఇది మలబద్ధకంలా కనబడి ఆముదమో నెయ్యో తాగిస్తారు. ఈలోగా పొట్ట తడిమి చూస్తే మూత్రాశయం రాయిలా గట్టిగా తగులుతుంది. ఆ దశలో పొట్ట నొక్కకండి, పగిలే ప్రమాదం ఉంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. రాత్రయినా సరే తెల్లారనివ్వకుండా తీసుకెళ్ళండి. ట్యూబ్ వేసి దారి తెరిస్తే చాలావరకు బతుకుతాయి.

అపోహ: మనిషికి పనిచేసే మందు చిన్న ముక్క చేసి ఇస్తే చాలు

వాస్తవం: ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ఇచ్చేవాళ్ళ ఉద్దేశం మంచిదే. ఆ మందును విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా తక్కువ. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చంపగలదు, సగం కూడా చంపగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. మూతి ఎత్తి చూస్తే చిగుళ్ళ గులాబీరంగు పోయి బురదరంగు కనిపిస్తుంది. ముఖం, పంజాలు వాస్తాయి. విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఉంది, కానీ గంటల్లో ఎక్కించాలి. ఏం ఇచ్చారో, ఎంత ఇచ్చారో డాక్టర్‌కి దాచకండి. తిడతారేమోనని దాచేవాళ్ళే ఎక్కువ.

పిడుదులు పోవడానికి కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ అనే చుక్కలమందు పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి. నులిపురుగులకని వెల్లుల్లి పెట్టినా, వంటలోని ఉల్లిపాయ తిన్నా ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. ఇక బొకేల్లో బాకా ఆకారంలో పూసే లిల్లీలు, డే లిల్లీలు ఉన్నాయే, వాటి పుప్పొడి ఒంటిమీద పడి నాక్కున్నా, ఆ వాజు నీళ్ళు తాగినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పాడవుతాయి. పిల్లి ఉన్న ఇంటికి ఆ పూలు తేకపోవడం ఒక్కటే దారి.

అపోహ: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయాలి

వాస్తవం: అనవసరం. భయమంతా కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. దాన్ని పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాలు మాత్రమే మలంలో వదులుతుంది. ఆ మలం కూడా కనీసం ఒక రోజు గడిస్తేనే సోకే స్థితికి వస్తుంది. లిట్టర్ బాక్స్ రోజూ, వేరేవాళ్ళ చేత శుభ్రం చేయిస్తే చాలు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోటలో మట్టిపని, వీటి నుంచి కూడా ఇది సోకుతుంది. వాటి సంగతి ఎవరూ అడగరు, పిల్లినే బయటికి గెంటుతారు.

వెంట్రుక మింగితే ఆస్తమా వస్తుందన్నదీ ఇలాంటిదే. ఎలర్జీ తెప్పించేది పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్. నాక్కున్నప్పుడు అది వెంట్రుకలకు అంటుకుంటుంది. బొచ్చు తక్కువున్న పిల్లిని తెచ్చుకున్నా ఎలర్జీ ఉన్నవాళ్ళకి తప్పదు.

ఇంకొన్ని, క్లుప్తంగా

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. తిప్పేమాట నిజం, ఏడు లెక్క కాదు. చోటు మురికైనా, అలికిడి ఎక్కువైనా, ఎవరో పదేపదే తొంగిచూసినా మారుస్తుంది. మనిషి చెయ్యి తగిలిందని పిల్లల్ని వదిలేయదు. తల్లి మెడపట్టుకుని మోస్తుంది కదా అని పెద్దపిల్లిని మెడతోలు పట్టుకుని ఎత్తకండి, దానికి నొప్పి, భయం.

చీకట్లో చూస్తుందా అంటే, మనకు కావలసిన వెలుతురులో ఆరోవంతు దానికి చాలు. కటిక చీకట్లో దానికీ ఏమీ కనబడదు.

ఒక్క ఈతైనా ఈనాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలంటారు. దానివల్ల పిల్లికి ఒరిగేదేమీ లేదు. నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు చాలా తగ్గుతుంది, పిల్లుల్లో ఆ గడ్డలు ఎక్కువశాతం క్యాన్సరే.

పిల్లి కరిస్తే రేబిస్ రాదు, అది కుక్కతోనే వస్తుందనే మాట మాత్రం ఎక్కడ విన్నా ఖండించండి. పిల్లి కాటుతోనూ, గీరుడుతోనూ రావచ్చు. వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లి పళ్ళు సూదుల్లా సన్నగా ఉండి గాయం బయటికి చిన్నగా కనిపిస్తుంది, లోపల బ్యాక్టీరియా లోతుగా దిగుతుంది. చేతి మీద, కీలు దగ్గర కరిచి మర్నాటికి వాచిందంటే రేబిస్ టీకాతో పాటు యాంటీబయాటిక్ కూడా అవసరమవుతుంది. ఇంట్లోంచి అడుగు బయటపెట్టని పిల్లికి కూడా ఏ టీకా ఎప్పుడు వేయించాలో డాక్టర్‌ని అడిగి కార్డు మీద రాయించుకోండి.