277 కొట్టినా కప్పు రాలేదు

నల్లగొండ

ప్రియమైన పిల్లలకు,

ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆడుకునే మీ దోస్తులంతా కలిసి పోయిన ఆదివారం నన్నొక ప్రశ్న అడిగారు. "తాతా, 71 రన్స్‌కే ఆలౌట్ అయ్యే టీమ్‌ను అంత పెద్ద టోర్నమెంట్‌లో ఎందుకు ఆడిస్తారు?" అని. మీరు ఫోన్‌లో చూసింది విజయ్ హజారే ట్రోఫీ మ్యాచ్, అంటే మన దేశంలోని జట్లు ఒకదానితో ఒకటి ఆడే వన్డే పోటీ. 2022 నవంబర్ 21న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో తమిళనాడు, అరుణాచల్ ప్రదేశ్ ఆడాయి. మీకు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపించడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ఒక్క మ్యాచ్ చూస్తే మీకు నవ్వే వస్తుంది. ఆ సీజన్ మొత్తం తెలిస్తే అలా అనిపించదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఐపీఎల్‌లో ఆటగాళ్లను వేలంలో కొంటారు. ఈ ట్రోఫీలో అది ఉండదు. ఎక్కువమంది ఏ క్రికెట్ సంఘం కింద ఆడుతూ పెరిగితే ఆ సంఘం జట్టుకే ఆడతారు. మన తెలంగాణ పిల్లలు ఆడాల్సింది హైదరాబాద్ జట్టుకు. ఆంధ్ర జట్టు వేరే ఉంది. గుజరాత్ రాష్ట్రంలో గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర అని మూడు జట్లున్నాయి. మహారాష్ట్రలోనూ ముంబై, విదర్భ, మహారాష్ట్ర అని మూడు. ఇవి పాత రోజుల నుంచి వస్తున్న సంఘాలు, రాష్ట్రాల సరిహద్దులతో వాటికి పని లేదు. మ్యాచ్ 50 ఓవర్లది. ఒక బౌలర్ 10 ఓవర్ల కంటే ఎక్కువ వేయకూడదు. జాతీయ స్థాయిలో ఈ పోటీ 2002-03లో మొదలైంది.

2022-23 సీజన్‌లో 38 జట్లు ఐదు గ్రూపులుగా ఆడాయి. నవంబర్ 12న మొదలై డిసెంబర్ 2న ఫైనల్‌తో ముగిసింది. మన దగ్గర పత్తి ఏరే రోజులు. గ్రూప్ మ్యాచ్‌లు దాదాపు రోజు విడిచి రోజు. పొద్దున తొమ్మిదింటికే ఆట మొదలు, స్టాండ్స్‌లో జనం పెద్దగా ఉండరు. ఒకరోజు సెంచరీ కొట్టిన అబ్బాయి మర్నాడు విశ్రాంతి తీసుకుని, ఆ మరుసటి రోజు మళ్లీ ప్యాడ్లు కట్టుకోవాలి.

తమిళనాడు ఓపెనర్ నారాయణ్ జగదీశన్ అలాగే కట్టుకున్నాడు. వరుసగా నాలుగు మ్యాచ్‌ల్లో నాలుగు సెంచరీలు చేసి అరుణాచల్ మ్యాచ్‌కు వచ్చాడు. ఆ రోజు 141 బంతుల్లో 277 కొట్టాడు. 25 ఫోర్లు, 15 సిక్సర్లు. అంతకుముందు లిస్ట్-ఎ, అంటే అంతర్జాతీయ వన్డేలతో పాటు దేశవాళీ వన్డేలను కూడా కలిపి చూసే లెక్కలో, పెద్ద స్కోరు 268. ఇంగ్లండ్‌లో సర్రే తరఫున అలిస్టర్ బ్రౌన్ 2002లో కొట్టాడు. ఇరవై ఏళ్లు నిలిచిన రికార్డు ఆ రోజు పోయింది. అవతలి వైపు సాయి సుదర్శన్ 154 చేశాడు. మొదటి వికెట్‌కే 416 పరుగులు. మొత్తం 506కి 2 వికెట్లు. లిస్ట్-ఎ క్రికెట్‌లో ఒక జట్టు 500 దాటడం అదే మొదటిసారి. తర్వాత అరుణాచల్ 71కి ఆలౌట్ అయింది, తమిళనాడు 435 రన్స్ తేడాతో గెలిచింది.

అంత కొట్టినా ఎందుకు ఆపలేదో తెలియాలంటే ఒక లెక్క తెలియాలి, నెట్ రన్ రేట్. ఓవర్‌కు సగటున మనం ఎన్ని చేశామో, అందులోంచి అవతలివాళ్లకు ఎన్ని ఇచ్చామో తీసేయాలి. తమిళనాడు 50 ఓవర్లలో 506 చేసింది, అంటే ఓవర్‌కు 10.12. అరుణాచల్ 28.4 ఓవర్లకే ఆలౌట్ అయింది కదా, మరి 71ని 28.4తో భాగించాలా? భాగించకూడదు. ఆలౌట్ అయిన జట్టు తన కోటా ఓవర్లన్నీ ఆడినట్టే లెక్క కడతారు. కాబట్టి 71ని 50తో భాగించాలి, 1.42 వస్తుంది. తేడా 8.70. ఈ రూల్ లేకపోతే తొందరగా వికెట్లు పారేసుకున్న జట్టు రన్ రేట్ ఎక్కువగా కనిపిస్తుంది, అది అన్యాయం కదా. గ్రూపులో పాయింట్లు సమానమైతే ఎవరు ముందుకు పోవాలో తేల్చడానికి ఈ లెక్క కూడా చూస్తారు. అందుకే 400 దాటినా కొట్టడం ఆపరు. జగదీశన్ చేసింది ఎదుటివాళ్లను అవమానించడం కాదు.

ఇప్పుడు అరుణాచల్ సంగతి. 2018-19కి ముందు ఈ పోటీలో ఆ రాష్ట్రం లేనే లేదు. క్రికెట్ బోర్డును సరిదిద్దడానికి సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ సూచనల తర్వాత, ఆ కోర్టు తీర్పులతో బీసీసీఐలో, అంటే ఆ బోర్డులో, మార్పులు వచ్చాయి. ఆ ఏడాది తొమ్మిది జట్లు కొత్తగా చేరాయి. ఈశాన్యం నుంచి అరుణాచల్, మణిపూర్, మేఘాలయ, మిజోరం, నాగాలాండ్, సిక్కిం. వాటితో పాటు బిహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి. తమిళనాడు 1930ల నుంచీ, అప్పటి మద్రాసు పేరుతో, రంజీ ఆడుతున్న జట్టు. అంత పాత జట్టుకు నాలుగేళ్ల కిందట చేరిన జట్టు ఎదురు నిలబడింది. ఆ రోజు అరుణాచల్ బౌలర్ ఒకతను 10 ఓవర్లలో 114 రన్స్ ఇచ్చాడు. మీరు ఆ 114 చూసి నవ్వారు. నేను ఆ 10 చూశాను. తన కోటా మొత్తం వేశాడు. అంత కొడుతుంటే మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి రన్-అప్ మొదలుపెట్టడం ఎంత కష్టమో, మొన్న మీలో ఒకరు ఒక్క ఓవర్లో నాలుగు సిక్సర్లు ఇచ్చాక "ఇక నేను వేయను" అని బాల్ విసిరేసినప్పుడు మీకే తెలిసి ఉండాలి.

మన మిర్యాలగూడలోనో దేవరకొండలోనో పుట్టిన పిల్లవాడికి హైదరాబాద్ జట్టు ఎంత దూరమో నాకు తెలుసు. ఇక్కడ టర్ఫ్ వికెట్, అంటే మట్టి, గడ్డితో తయారుచేసిన పిచ్ మీద ప్రాక్టీస్ దొరకడమే కష్టం, చాలామంది మ్యాటింగ్, అంటే చాప పరిచిన పిచ్ మీదే నేర్చుకుంటారు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లను "వీళ్లకెందుకు చోటు" అని ఎవరైనా అంటే మనకెంత బాధగా ఉంటుందో, అరుణాచల్ పిల్లలకూ అంతే. పెద్ద జట్లతో ఆడకుండా ఏ జట్టూ పెద్దది కాలేదు.

మరి అన్ని రికార్డులు కొట్టిన తమిళనాడు ఏమైంది? అహ్మదాబాద్‌లో క్వార్టర్ ఫైనల్లో సౌరాష్ట్ర చేతిలో 44 రన్స్‌తో ఓడింది. ఆ రోజు జగదీశన్ తొందరగా ఔటయ్యాడు. సీజన్ మొత్తం 830 పరుగులు, ఈ ట్రోఫీలో అప్పటికి ఎవరూ ఒక సీజన్‌లో అన్ని చేయలేదు. అయినా జట్టు సెమీఫైనల్ కూడా చూడలేదు.

అదే రోజు, నవంబర్ 28న, మహారాష్ట్ర కెప్టెన్ రుతురాజ్ గైక్వాడ్ ఉత్తరప్రదేశ్ మీద 220 నాటౌట్ చేశాడు. 49వ ఓవర్లో ఏడు సిక్సర్లు కొట్టాడు. ఆరు బంతులకు ఏడు సిక్సర్లు ఎలా అంటారా? మధ్యలో ఒకటి నో బాల్, దాన్నీ సిక్స్ కొట్టాడు. ఏడు ఆర్లు 42, నో బాల్‌కు ఒకటి, మొత్తం 43. ఆ మ్యాచ్‌లోనే ఉత్తరప్రదేశ్ తరఫున ఆర్యన్ జుయల్ 159 చేశాడు, వాళ్లు ఓడిపోయారు కాబట్టి అది ఎవరికీ గుర్తులేదు. నాకైతే అది గుర్తుంచుకోదగ్గ ఇన్నింగ్సే. సెమీఫైనల్లో అస్సాం మీద రుతురాజ్ మళ్లీ 168.

ఫైనల్లో కూడా అతను సెంచరీ చేశాడు, 108. కానీ శీతాకాలం పొద్దున పిచ్‌లో తేమ ఉన్నప్పుడు పరుగులు సులువుగా రావు. సౌరాష్ట్ర బౌలర్లు పట్టు వదల్లేదు. చివర్లో చిరాగ్ జానీ హ్యాట్రిక్, అంటే వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీశాడు. మహారాష్ట్ర 248కి 9 దగ్గర ఆగింది. సౌరాష్ట్ర ఓపెనర్లు షెల్డన్ జాక్సన్, హార్విక్ దేశాయ్ మొదటి వికెట్‌కు 125 జోడించారు. మధ్యలో వికెట్లు పడ్డాయి, టెన్షన్ వచ్చింది. జాక్సన్ మాత్రం కదల్లేదు. 133 నాటౌట్. హ్యాట్రిక్ తీసిన జానీయే బ్యాట్ పట్టి చివర్లో 30 నాటౌట్‌గా తోడు నిలిచాడు. 46.3 ఓవర్లలో గెలిచారు. 2007-08 తర్వాత సౌరాష్ట్రకు అది రెండో కప్పు. రుతురాజ్‌కు సెంచరీ దగ్గర తోడు దొరకలేదు, జాక్సన్‌కు దొరికింది. నా దృష్టిలో ఆ ఫైనల్ మొత్తం ఇంతే.

ఈ ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో ఆయన కథ కూడా ఇలాంటిదే. విజయ్ హజారే కెప్టెన్సీలోనే 1952లో మద్రాసులో ఇంగ్లండ్‌ను ఓడించి భారత్ మొదటి టెస్టు గెలిచింది. అంతకుముందు 1943 డిసెంబర్‌లో, బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో, పెంటాంగ్యులర్ అనే ఐదు జట్ల పోటీ ఫైనల్లో ఆయన జట్టు ఫాలో-ఆన్ ఆడింది, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి వచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు చేసింది 387, అందులో హజారే ఒక్కడివే 309. తమ్ముడు వివేక్ అవతల చాలాసేపు నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి 300 జోడిస్తే అందులో వివేక్‌వి 21. అయినా ఇన్నింగ్స్ 61 పరుగుల తేడాతో ఓడిపోయారు. నాకు ఆ 309 ఎంత ఇష్టమో, ఆ 21 కూడా అంతే ఇష్టం.

మన హైదరాబాద్ ఈ కప్పు ఇంతవరకు గెలవలేదు. 2018-19లో క్వార్టర్స్‌లో ఆంధ్రను దాటి సెమీఫైనల్‌కు వెళ్లింది. అక్కడ రోహిత్ రాయుడు 121 నాటౌట్ చేశాడు, మిగతావాళ్ల నుంచి పెద్ద స్కోరు రాలేదు. వాన పడి ముంబై గెలిచింది. వాన వల్ల ఆట ఆగినప్పుడు గెలుపు తేల్చే లెక్కకు అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో డక్‌వర్త్-లూయిస్-స్టెర్న్ పద్ధతి వాడితే, మన దేశవాళీ పోటీల్లో కేరళ ఇంజినీర్ జయదేవన్ తయారుచేసిన పద్ధతి వాడతారు. దాని గురించి ఇంకోసారి రాస్తాను, అది పెద్ద లెక్క.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. కప్పు ఎత్తిన సౌరాష్ట్ర కెప్టెన్ జయదేవ్ ఉనద్కట్ 2010 డిసెంబర్‌లో ఒకే ఒక్క టెస్టు ఆడాడు. తర్వాత పన్నెండేళ్లు మళ్లీ టెస్టు ఆడే అవకాశం రాలేదు. ఆ పన్నెండేళ్లలో ఇలాంటి దేశవాళీ మ్యాచ్‌లు ఆడుతూనే ఉన్నాడు. ఫైనల్ అయిన నెలలోనే, డిసెంబర్ 22న, మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద రెండో టెస్టు ఆడాడు.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక జట్టు 30 ఓవర్లలో 150కి ఆలౌట్ అయింది. రెండో జట్టు సరిగ్గా 20 ఓవర్లలో 151 కొట్టి గెలిచింది. గెలిచిన జట్టుకు ఆ మ్యాచ్‌లో వచ్చిన నెట్ రన్ రేట్ ఎంత? ఆలౌట్ రూల్ మరిచిపోవద్దు. ఎవరికి వాళ్లు చేసి, ఆదివారం నోట్‌బుక్ తీసుకుని రండి.

మీ తాత