టీఏ విద్యార్థా, ఉద్యోగా? తేలని లెక్కకు మూలం 2004లో ఉంది

అమెరికా ప్రైవేటు యూనివర్సిటీల్లో చదువుకుంటూనే పాఠాలు చెప్పే, పేపర్లు దిద్దే టీచింగ్ అసిస్టెంట్ల (టీఏల) యూనియన్ గొడవ మళ్లీ రాజుకుంది. ప్రైవేటు సంస్థల్లో ఎవరికి యూనియన్ హక్కు ఉందో తేల్చేది జాతీయ కార్మిక సంబంధాల బోర్డు. 2025 జనవరిలో దాని సభ్యురాలిని అధ్యక్షుడు తొలగించడంతో ఆ ఏడాది చాలాకాలం అక్కడ కోరం, అంటే తీర్పు ఇవ్వడానికి కావాల్సినంత మంది సభ్యులు, లేకుండా పోయింది. కొత్త మెజారిటీ చేతిలో ఉన్న హక్కు కూడా ఊడుతుందేమోనని టీఏలకు టెన్షన్ పట్టుకుంది. టెన్షన్ ఊరికే రాలేదు. టీఏ ఉద్యోగేనా అని అడిగితే ఇదే బోర్డు 2000లో అవునంది, 2004లో కాదంది, 2016లో మళ్లీ అవునంది.

ప్రభుత్వ యూనివర్సిటీల సంగతి వేరు. అవి రాష్ట్ర చట్టాల కిందికి వస్తాయి. విస్కాన్సిన్‌లో టీఏలు 1970లోనే సమ్మె చేశారు.

ఈ కథకు అసలు మలుపు 2004లో వచ్చిన బ్రౌన్ యూనివర్సిటీ తీర్పు. రిపబ్లికన్ సభ్యులు ముగ్గురు ఒకవైపు, డెమోక్రాట్లు ఇద్దరు మరోవైపు. టీఏలు ప్రధానంగా విద్యార్థులేనని, యూనివర్సిటీతో వాళ్లది చదువు సంబంధమే తప్ప జీతం సంబంధం కాదని మెజారిటీ తేల్చింది. బ్రౌన్‌లో యూనియన్ కావాలా వద్దా అని అప్పటికే టీఏలు ఓట్లు వేసి ఉన్నారు. ఆ ఓట్లు లెక్కపెట్టనే లేదు.

యూనివర్సిటీలు ఇప్పటికీ ఆ తీర్పు భాషలోనే మాట్లాడతాయి: పాఠం చెప్పడం పీహెచ్‌డీలో భాగం, బేరసారాలు మొదలైతే ప్రొఫెసర్‌కీ శిష్యుడికీ మధ్య సంబంధం చెడుతుంది. బయాలజీలో ఈ మాటకు కొంత బలం ఉంది. చాలా చోట్ల ఒకటి రెండు సెమిస్టర్లు బోధిస్తే తప్ప డిగ్రీ రాదు. కానీ రెండు సెమిస్టర్ల షరతు తీరిపోయాక కూడా, గైడ్ దగ్గర గ్రాంటు లేదని మళ్లీ అదే ఫస్టియర్ ల్యాబ్ అప్పగిస్తే దాన్ని ఏమనాలి? క్లాసుకు గంట ముందే వచ్చి పిపెట్లు సర్దాలి, జెల్ పోయాలి, ఒక బ్యాచ్ వెళ్లగానే బల్లలు తుడిచి రెండో బ్యాచ్‌కి అదే పాఠం మొదటినుంచీ చెప్పాలి. నాలుగోసారి చెప్పినప్పుడు నేర్చుకునేది కొత్తగా ఏముంటుంది?

ఇంజినీరింగ్‌లో పని వేరే రకం. అక్కడ పేపర్లు దిద్దడమే సగం ఉద్యోగం. ట్రస్ (వంతెనల్లో వాడే కడ్డీల చట్రం) లెక్కలో కుర్రాడు రెండో లైన్లో ప్లస్ బదులు మైనస్ వేశాడు, ఆ తర్వాత పద్ధతంతా సరిగ్గానే ఉంది. ఎన్ని మార్కులు కొయ్యాలి? వంద పేపర్లలోనూ ఒకే కొలతతో కొయ్యాలి, లేకపోతే మర్నాడు ఆఫీస్ అవర్స్‌లో, అంటే విద్యార్థులు వచ్చి అడిగే వేళల్లో, క్యూ. తన పరిశోధన బ్యాటరీల మీదైనా సరే, దిద్దాల్సింది ఈ ట్రస్ లెక్కలుండే స్టాటిక్స్ పేపర్లే. కాంట్రాక్టులో వారానికి 20 గంటలని ఉంటుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవాళ్లకు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్ పనికి చట్టం పెట్టిన హద్దు కూడా అంతే. కాబట్టి ఇరవై దాటిన గంటలు కాగితం మీదికి రావు. పన్నుల శాఖ మాత్రం టీఏ డబ్బును జీతంగానే లెక్కేస్తుంది. అది బోర్డులో వాదించేవాళ్లకు గుర్తురాదు.

2004 తీర్పు కాగితానికే పరిమితం కాలేదు. 2000 తీర్పు అండతో న్యూయార్క్ యూనివర్సిటీ టీఏలు యూనియన్ కాంట్రాక్టు సాధించుకున్నారు. 2005లో దాని గడువు ముగిశాక యాజమాన్యం కొత్తది కుదుర్చుకోలేదు. నెలల తరబడి సమ్మె చేసినా ఫలితం రాలేదు. అక్కడ యూనియన్‌ను తిరిగి గుర్తించింది 2013లో.

గ్రాంటుల మీద ల్యాబుల్లో పనిచేసే రీసెర్చ్ అసిస్టెంట్ల (ఆర్‌ఏల) సమస్య ఇంకా పాతది. స్టాన్‌ఫర్డ్ ఫిజిక్స్ విద్యార్థుల కేసులో 1974లోనే వాళ్లు ఉద్యోగులు కారన్నారు. ఒకే మనిషి ఒక సెమిస్టర్ టీఏ, మరో సెమిస్టర్ ఆర్‌ఏ అయ్యే బయాలజీ, ఇంజినీరింగ్ విభాగాల్లో ఈ గీత ఎలా నిలుస్తుంది? 2016 కొలంబియా తీర్పు దాన్ని చెరిపేసింది. టీఏలు, ఆర్‌ఏలు ఇద్దరూ ఉద్యోగులేనంది.

అది దక్కినా యూనియన్లు ధీమాగా లేవు. షికాగో యూనివర్సిటీ, బోస్టన్ కాలేజీల్లో ఓట్లలో గెలిచిన యూనియన్లే 2018లో బోర్డు ముందు నుంచి తమ పిటిషన్లు వెనక్కి తీసుకున్నాయి. తమ కేసునే సాకుగా పట్టుకుని కొత్త మెజారిటీ కొలంబియా తీర్పును తిరగరాస్తుందని వాటి భయం. 2019లో బోర్డు ఏకంగా ఇలాంటి విద్యార్థులు ఉద్యోగులు కారని నిబంధనే తేబోయింది. 2021లో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఇప్పుడు కూడా యూనియన్లు బోర్డు గడప తొక్కాలా వద్దా అనే తర్జనభర్జనలోనే ఉన్నాయి.