విభూతితో తోమిన బిళ్ళ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా చేతిలో బిళ్ళ చూసి "పోలీసు బ్యాడ్జా తాతయ్యా?" అన్నారు కదా. సగం పోలీసుది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఇక్కడ ఇంగ్లండులో పోలీసులు చాలామంది సైన్యంలోకి వెళ్ళిపోయారు. వాళ్ళ లోటు తీర్చడానికి కొట్టువాళ్ళు, గుమాస్తాలు, బడి పంతుళ్ళు పగలు తమ పని చూసుకుని రాత్రి జీతం లేకుండా కాపలా కాశారు. వాళ్ళే స్పెషల్ కానిస్టేబుళ్ళు. మొదట్లో చాలామందికి యూనిఫాం లేదు. చేతికో పట్టీ, లాఠీ, కోటుకు ఈ బిళ్ళ, అంతే.

రూపాయి బిళ్ళంత ఉంటుంది. నీలి ఎనామిల్ చుట్టు మీద ఊరి పేరు, పైన కిరీటం. వెనక పిన్ను ఉండదు, కోటు కాజాలో దూర్చడానికి గుర్రపు లాడంలా వంచిన రేకు ఉంటుంది. దాని పక్కనే 217 అని అంకె. నా ప్రాణం తీసింది ఆ అంకే.

ఆదివారం సంతలో కొన్నాను. వెండిదని ఇంటికి రాగానే కుందులు తోమినట్టు విభూతి పెట్టి బరబరా రుద్దేశాను. వెండి మీద ముద్రలుంటాయి: లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది, నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్ వెండి, అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. పక్కనే ఏ ఏడాదిదో చెప్పే, ఏటా మారే అక్షరం. లంగరు, సింహం మిగిలాయి. అసలే అరిగిన అక్షరం కాస్తా పోయింది. నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

జిల్లా రికార్డు ఆఫీసులో అప్పటి పోలీసు రిజిస్టరు దొరకడం నా అదృష్టం, చాలా ఊళ్ళవి మిగల్లేదు. 217 ఎదురుగా చెప్పుల కొట్టాయన పేరు, వీధి ఉన్నాయి. 1911 జనాభా లెక్కల్లో అదే వీధిలో భార్యాపిల్లలతో సహా దొరికాడు. పాత పేపర్లో కోర్టు వార్తలు తిరగేస్తే సాక్షిగానూ కనిపించాడు. 1915 జనవరిలో జెప్పెలిన్లు, అంటే జర్మనీవాళ్ళ పెద్ద గాలి ఓడలు, ఇంగ్లండు తూర్పున ఉన్న గ్రేట్ యార్మత్, కింగ్స్ లిన్ ఊళ్ళ మీద బాంబులు వేశాక, రాత్రి కిటికీలోంచి వెలుతురు బయటికి కనిపిస్తే జరిమానా వేసేవారు. అలా ఒకావిడ మీద కేసు పెట్టింది ఈయనే. ఆ వీధిలో ఆయనకు ఎన్ని తిట్లు పడ్డాయో!

పేజీ తిప్పితే మళ్ళీ 217, ఈసారి ఒక రొట్టెల బట్టీ ఆయన. 1916లో నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం వచ్చింది. చెప్పులాయన సైన్యానికి వెళ్ళడంతో ఆ నంబరు ఈయనకిచ్చారు. మినహాయింపు కోరినవాళ్ళను విచారించే ట్రైబ్యునళ్ళు ఒక్కోసారి "సరే, కానిస్టేబుల్‌గా కాపలా కాయి" అని షరతు పెట్టేవి. ఈయనకూ అదే పెట్టారు. ట్రైబ్యునళ్ళ కాగితాలు చాలావరకు యుద్ధం తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది, ఈ సంగతీ పేపర్ పుణ్యమే.

1919లో ఈ స్పెషల్ కానిస్టేబుళ్ళ కోసం ఒక పతకం పెట్టారు. తొమ్మిదేళ్ళు చేయాలి, యుద్ధకాలంలో చేసింది మాత్రం ఒకటికి మూడింతల లెక్క. దాని అంచున పేరు చెక్కి ఉంటుంది కాబట్టి ఎవరిదన్న పేచీ లేదు. నా బిళ్ళ మీద పేరు లేదు. చెప్పులాయనదా, రొట్టెలాయనదా? ఆ ఒక్క అక్షరం ఉండుంటే ఏ సంవత్సరం బిళ్ళో తెలిసి, చిక్కు వీడేదేమో. సెలవులకు వచ్చేటప్పుడు మీ నాన్న భూతద్దం పట్టుకురండి, ఇంకోసారి చూద్దాం.

మీ తాతయ్య